ఫిల్టర్ చెరిపిన చుక్క

స్కానింగ్ గదిలో సీనియర్ టెక్నీషియన్ ప్రోబ్‌కి అంటిన జెల్ తుడుస్తూ, జూనియర్ వైపు చూడకుండానే మాట్లాడింది.

“నువ్వు కంప్యూటర్లో ఫిల్టర్ వేసి నునుపు చేసిన స్కాన్ బొమ్మల్ని డాక్టరుగారు కనబడ్డవాళ్ళందరికీ చూపిస్తున్నారుగా!”

“ఇసుక చల్లినట్టుండే బొమ్మ అద్దంలా వస్తోంది కదక్కా. మీకూ నేర్పిస్తానన్నాను.”

“పదిహేనేళ్ళు ఆ ఇసుకలోనే జబ్బుల్ని వెతికి పట్టుకున్నాను. ఒక్కరూ మెచ్చుకోలేదు. ఇదిగో, మొన్నటి టీచరమ్మ లివర్. నీ ఫిల్టర్ వెయ్యకముందు ఇది, వేశాక ఇది.”

“అయ్యో, ముందు బొమ్మలో ఇక్కడ చిన్న గడ్డ! నునుపు ఎక్కువ పెట్టేశాను, ఇసుకతోపాటు అదీ పోయింది. ఎప్పుడు చూశారు?”

“మొన్ననే.”

“మరి చెప్పలేదేం?”

“అందరి ముందూ నువ్వు తలొంచుకుంటే చూద్దామని.”

“ఏమీ లేదని చెప్పి ఆవిణ్ణి ఇంటికి పంపేశాం. ఫిల్టర్ తెలియక దాచిందక్కా. మరి మీరు?”