పెళ్లి సంబంధాల సైటు

బరంపురంలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో అరవయ్యేళ్ల బట్టల వర్తకుడు ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మన సంఘం పెళ్లి సంబంధాల సైటు. యాంటీవైరస్ తెరవనివ్వడం నేదు. అపాయమంటంది."

"ఎవరికి బాబాయ్ సంబంధం?"

"నాకే. నవ్వాలనుంటే నవ్వుకో."

"నవ్వనేదు బాబాయ్."

"సంఘం ఆఫీసులో ఫోటో సూశాను. పాత్రపూర్‌లో ఒకావిడ. రేపటిలోగా నా ఇవరాలు ఆ సైటులో పెట్టకపోతే ఇంకో సంబంధం సూసుకుంటాది."

షాపతను కాసేపు మీటలు నొక్కాడు.

"సైటు మంచిదే బాబాయ్. దీన్ని తెరవనివ్వొద్దని యాంటీవైరస్‌కి ఎవరో సెప్పారు. వసుధ అని పేరుంది."

"నా కూతురు. ఎప్పుడు సెప్పింది?"

"రెండేళ్లయింది. మార్చి పద్నాలుగు."

ఆయనకు లెక్కపెట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది.

"ఆవేళ వాళ్లమ్మ పన్నెండో దినం. పెరట్లో వంటలవుతన్నాయి. నాకీ ఆలోచన వచ్చింది మొన్న దసరాకి."

"తీసెయ్యమంటావా?"

"తీస్తే దానికి తెలుస్తాదా?"

"ఎంటనే ఫోనుకి మెసేజ్ ఎల్తాది. ఎల్లకుండా కూడా సెయ్యగలను."

"ఒద్దు. ఎల్లనీ. తియ్యి."