సముద్రం అవతలి చుట్టాలు

"నాకు ఎవరూ లేరని జాలిపడేవాళ్ళంతా టీ పక్కన పెట్టి వినండి," అన్నాడు తారుమామ, పడవలకు తారు పూసిన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. భార్య పోయినప్పటి నుంచి, పడవల షెడ్డు ముందున్న ఈ టీకొట్టే ఆయనకు ఇల్లు.

"పోయినేడు ఆ పరిశోధన అమ్మాయి వచ్చి, షెడ్డుకొకరి ఉమ్మి చొప్పున గొట్టాల్లో పట్టుకెళ్ళలేదూ? మన షెడ్డుకి నేనే కదా! ఉమ్మిలో జన్యువులుంటాయి, తాతముత్తాతలు ఎక్కడెక్కడ తిరిగారో అన్నీ కక్కేస్తాయి. నిన్న ఫోన్ చేసింది. నా గొట్టంలోదీ, సముద్రం అవతల ఏదో దీవిలో వాళ్ళదీ కలిసిందట! వేల ఏళ్ళ కిందట ఇక్కణ్ణుంచి పడవెక్కి పోయినవాళ్ళ పిల్లలట వాళ్ళు. మరి ఆ పడవ నడిపిందెవరనుకున్నారు? మా తాతల తాత!"

"అదీ ఆ అమ్మాయే చెప్పిందా?" అంది టీకొట్టు అత్త.

"అన్నీ ఆ అమ్మాయే చెప్పాలా? రక్తం చెప్పదూ? పడవంటే మీరు చేసే ఈ డొక్కు పడవలు కాదు. ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివరవాడు పలికేసరికి, పిలిచినవాడికి గడ్డం నెరిసేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిసముద్రంలో గాలి పడిపోయింది. తాత తెరచాప వైపు తిరిగి ఒక్క తుమ్ము తుమ్మాడు, అంతే, పడవ దీవిని దాటిపోయింది! వెనక్కి తిప్పడానికి బద్ధకమేసి, దీవికే తాడేసి లాక్కున్నాడు. అందుకే అది ఇప్పటికీ కాస్త ఇటు ఒరిగి ఉంటుంది."

"ఇంకా నయం, సముద్రాన్ని చుట్ట చుట్టి చంకన పెట్టుకోలేదు!" అన్నాడు వలలు బాగుచేసే అతను.

"పెట్టుకున్నాడు. తడుస్తున్నానని వదిలేశాడు. నవ్వండి, నవ్వండి! ఆ దీవిలో ఊరంతా నా ముక్కే. నేను దిగానంటే గడపగడపా 'మనవాడొచ్చాడు' అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. అక్కడ అన్నం ఒక్కణ్ణే తినక్కర్లేదు."

నవ్వులు ఆగాయి. అప్పటిదాకా మాట్లాడని వడ్రంగి తలెత్తాడు. అతను తారుమామ భార్యకు తమ్ముడు.

"బావా, ఉమ్మేముందు అరగంట ఏమీ తాగొద్దని ఆ అమ్మాయి చెప్పింది. నువ్వు టీ లేకుండా అరగంట ఉండలేక, నీ గొట్టంలో నన్ను ఉమ్మమన్నావు. ఆ చుట్టాలు మావాళ్ళు."

ఇంకో కోత వస్తుందని అందరూ తారుమామ వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం బావమరిది ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"అంటే," అన్నాడు చివరికి, మెల్లగా, "మీ అక్క నవ్వు అక్కడ ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది కదరా."