ఫైబర్ పడవ చిగురేసిన సంగతి

విఠల్‌రావు నోరు మూయించడం చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. చేయి మాత్రం నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. ఆయన ముప్పై ఏళ్లుగా ఇనుప తలుపులకూ, మామిడి చెక్క తలుపులకూ రంగు పూసి, దాని మీద దువ్వెనతో టేకు గీతలు దించి బతికినవాడు. జహనుమాలో సగం ఇళ్ల టేకు ఆయన చేతి టేకే. ఇప్పుడు గీతలు అచ్చేసిన షీటు అతికించి, తలుపులు దుకాణంలోనే తయారుగా అమ్ముతున్నారు. ఇక గీసేవాడితో ఎవరికి పని?

ఆ రోజు సీతారాం హోటల్లో చాయ్ తాగుతుంటే ఆయన చెవిన ఒక మాట పడింది. బల్ల చివర ఫైలు పెట్టుకుని కూర్చున్నాయన సాయికృష్ణ, చెరువుల్లో పడవలు నడిపే ఆఫీసులో ఇంజనీరు, కాకినాడ వైపు మనిషి. పక్కనున్న వడ్రంగి మొగులయ్యతో అంటున్నాడు: "ఎనిమిది పడవలూ కాటేదాన్ షెడ్డులో తయారైపోయాయండీ. ఫైబరే గానీ, చూడ్డానికి పాతకాలం టేకు పడవల్లా ఉండాలంటున్నారు మా పైవాళ్లు. ఆ గీతలు గీసే మనిషే దొరకట్లేదు."

విఠల్‌రావు అటు జరిగి కూర్చున్నాడు. లేచి వెళ్లి, తలుపులకు గీస్తాను సార్, ఈ పని నాకివ్వండి అంటే సరిపోయేది. కానీ అడగడం ఆయనకు చేతకాదు, చెప్పుకోవడమే చేతనవును. ఇంజనీరుకు వినపడేలా హోటలాయన సీతారాం వైపు తిరిగి గొంతు పెంచాడు.

"సీతారాం భాయ్, ఫైబర్ పడవ అంటే యాదికొచ్చింది. పురానాపూల్ కాడ ఓ నవాబు సాబ్‌కు నేనొకటి గీసిన. చిన్నదేలే. బిడ్డ పెండ్లికి తోటల కుంట మీద తిప్పనీకె తెచ్చుకున్నడు. తెల్లగ, పింగాణీ పళ్లెం లెక్కుండె. పోయిన, పండ్లిరిగిన దువ్వెన తీసిన, రెండు దినాలల్ల టేకు చేసిన. అంతే."

"ఎన్నడు చెప్పలే?" అన్నాడు సీతారాం చాయ్ వడగడుతూ. విఠల్‌రావు చెప్పకుండా దాచుకున్న గొప్ప ఒకటి ఉందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

"గొప్పలు చెప్పుకునుడు నాకు రాదు భాయ్."

సాయికృష్ణ తల తిప్పి చూశాడు. ఆ చూపు చాలు విఠల్‌రావుకు.

"అటెన్క ఏమైందో ఎరుకేనా? నవాబు సాబ్ తోటల ఓ వడ్రంగి పిట్ట ఉండె. మనిషినంటె మోసం చేస్తం గని, పిట్టను చేస్తమా? అది గూడ మోసపోయి, పడవ మీద కూసోని టక్కు టక్కున పొడిచింది. మూడు దినాలు పొడిచింది. ముక్కు వంగి, పాపం తిండి తినరాకపోతె, బేగం సాహెబా అటుకులు నానబెట్టి సాదింది."

"పిట్టకు అటుకులా?"

"మరి దవాఖానకు తీస్కపోతరా? విను. దాని ఎన్క చెదలొచ్చినయ్, లైను కట్టి. రాత్రింబగళ్లు తిన్నా కడుపు నిండకపాయె. ఇగ లాభం లేదని పోయి పెద్ద చెదను పిల్సుకొచ్చినయ్. అది వాసన చూసి, 'ఇది చెక్క కాదు, విఠల్‌రావు చెయ్యి, నడువుండ్రి ఇంటికి' అన్నది."

"చెద మాట్లాడిందా అన్నా?"

"తెలుగుల కాదు, ఉర్దూల."

హోటలంతా నవ్వింది. సాయికృష్ణ కూడా నవ్వి, చాయ్ గ్లాసు అందుకున్నాడు. అది సరదాకు నవ్వే నవ్వని విఠల్‌రావుకు తెలియకపోలేదు. మెచ్చుకోలు ఇంకా రాలేదు, ఇంకొంచెం వేయాలి అనిపించింది. కూర్చుంటే చాలక లేచి నిలబడ్డాడు.

"ఇగ జంగ్లాతోళ్లు, అదే అడివి ఆఫీసోళ్లు, లారీ ఏస్కొని దిగిండ్రు. ఆదిలాబాద్ అడివిల టేకు దొంగతనంగ కొట్టి పడవ చేసినవని నవాబు సాబ్ మీదికొచ్చిండ్రు. ఫైబర్ అని మొత్తుకున్నా ఒక్కడు వినలే. ఎత్తుకపోయి డిపోల టేకు దుంగల నడుమ పడేసిండ్రు. వానలు పడ్డయి. అట్ల దుంగలతోని కలిసి నాని నాని, ఆ పడవ నేను కూడ టేకునే అనుకున్నది. ఒకనాడు పొద్దున పోయి చూస్తె ఏముంది? చిగురేసింది భాయ్! పెండ్లి నాటికి చేటలంత ఆకులు. ఐదొందల మంది ఆ ఆకులల్లనే బిర్యానీ తిన్నరు!"

ఈసారి బయట ఆటోలవాళ్లు కూడా తొంగిచూసి నవ్వారు. మొగులయ్య ఒక్కడే నవ్వలేదు. ఆ ఎనిమిది పడవల అచ్చుకు నమూనాగా చెక్క పడవ చేసిచ్చింది ఆయనే.

"ఆకులు సరే అన్నా. గీత ఎట్ల దించినవ్? జర చూపియ్."

ఇన్నాళ్లకు పని గురించి అడిగిన మనిషి. విఠల్‌రావు చేయి దానంతటదే లేచింది. తలెత్తు నుంచి మొదలై, గాలిలో సన్నగా వణుకుతూ కిందికి దిగి, ఒకచోట చెక్కలో ముడి ఉన్నట్టు దాని చుట్టూ తిరిగి, మళ్లీ దారిలో పడి, మోకాలి దాకా వచ్చి ఆగింది. లేని దువ్వెన కనపడినట్టే ఉంది. సాయికృష్ణ గ్లాసు కింద పెట్టాడు.

"నిలువుగనా?" అన్నాడు మొగులయ్య.

"నిలువుగనే."

"నిలువుగ ఉండేది తలుపుకు అన్నా. పడవకు పలకలు పొడుగున పరుస్తరు, ఈ కొసకెల్లి ఆ కొసకు. గీత గూడ అట్లనే పోవాలె. నువ్వు ఒక్క పడవ గూడ గియ్యలే."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.  నవాబు అట్లనే గియ్యమన్నడు అనే జవాబు విఠల్‌రావు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అప్పటికే మనసు ఆ గీత వెంట పడింది.

"పొడుగెంత సార్, పడవ?"

"పదహారు అడుగులండీ."

తలుపు ఏడడుగులు. ఒక్క దమ్ములో లాగాలి. మధ్యలో చేయి ఎత్తితే అతుకు కనపడుతుంది. పదహారంటే నడుస్తూ లాగాలి.

"నాకు రాదు సార్," అన్నాడు. ఆ హోటల్లో ఆయన నోట ఆ మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. "తలుపుల పని వస్తది, మంచిగనే వస్తది. నవాబు లేడు, పిట్ట లేదు. నాలుగు నెలలాయె దువ్వెన పట్టక. మీకు వినపడాలెనని గింత లొల్లి చేసిన."

సాయికృష్ణ మొగులయ్య వైపు చూశాడు. "ఏమంటారు?"

"నోరు పడవ అన్నది, చెయ్యి తలుపే అన్నది. చెయ్యికి అబద్ధం రాలే సార్. ఒక్క పలక మీద చూడుండ్రి."

"సరేనండీ, రేపు షెడ్డుకు రండి. పలక మీద పదహారు అడుగులూ లాగి చూపిస్తే పడవలిస్తాం."

విఠల్‌రావు దండం పెట్టడం కూడా మరిచిపోయాడు. హోటల్ గోడ పక్కకు వెళ్లి, ఊపిరి బిగబట్టి, చేయి అడ్డంగా చాచి, గోడ వెంట మెల్లగా నడిచాడు. చాయ్ తాగేవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. గుమ్మం దగ్గర దమ్ము అయిపోయి ఆగిపోయాడు.

"ఎంతొచ్చింది అన్నా?" అని అడిగాడు సీతారాం. ఇరవై అంటాడనే అనుకున్నాడు.

విఠల్‌రావు వెనక్కి తిరిగి, తాను లాగిన గీత ఎన్ని అడుగుల పొడుగో కళ్లతో కొలుచుకున్నాడు.

"పదకొండు," అన్నాడు. మళ్లీ గోడ మొదటికి పోయి నిలబడ్డాడు.