పదిహేడో ప్రశ్నకు ఏ రోజు జవాబు ఆ రోజే

1992 ఆగస్టు 3, సోమవారం ఉదయం, మన నీటి సరఫరా సంస్థ పరీక్షా విభాగపు హాజరుపట్టీలో గుమస్తాగా తొలి సంతకం చేసి, నమూనా సీసాలకు చీటీలు అంటించే పనితో ఉద్యోగజీవితాన్ని ప్రారంభించిన విదుషీమణి, ఈ నెలాఖరున గణాంకాధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా "ఇది ఇవాళ్టిదేనా?" అని అడగనిదే కళ్లజోడు పెట్టుకోరు గనుక, మాకందరికీ ఆవిడ 'తాజా మేడం'.

వివాదాల జోలికి పోకుండా నాలుగు మంచి మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. ఆవిడ గురించి మంచి మాట రాయాలంటే వివాదం రాయక తప్పదు. కత్తిరించదలచినవారు వ్యాసంతోపాటు నా పేరు కూడా కత్తిరించుకోవచ్చు.

తొలి పదేళ్లు సీసాలతోనూ రిజిస్టర్లతోనూ గడిపి, నలభై దాటాక, సాటివారు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో, ఆవిడ ప్రోగ్రాములు రాయడం అభ్యసించారు. 2017లో కుళాయి నీటి ఫలితాలన్నిటినీ ఒకే తెర మీద చూపే డ్యాష్‌బోర్డు మన కార్యాలయానికి వచ్చినప్పుడు, దానిని అడగవలసిన నలభై ఒక్క ప్రశ్నలను క్వెరీలుగా రాసి భద్రపరిచినవారు ఆవిడే. వాటిలో పదిహేడోది ఊరి ప్రాణానికి సంబంధించినది: ఏ కుళాయి నీటిలో క్లోరిన్ ఉండవలసినదానికన్నా తగ్గింది? ఆవిడ రాసిన చిన్న ప్రోగ్రాము ప్రతి ఉదయం ఆరింటికి ప్రోగ్రాములు లోపలికి వెళ్లే దారి అయిన డ్యాష్‌బోర్డు ఏపీఐ తలుపు తట్టి, ఆవిడ పేరిట ఇచ్చిన రహస్య సంకేతాన్ని, అంటే కీని, చూపించి, ఆ ప్రశ్నకు జవాబు తీసుకుని లైన్‌మెన్ల ఫోన్లకు పంపేది.

ఆ తరువాతి ఏడు, వరుసగా పదకొండు రోజులు జవాబు పచ్చగానే, అంటే ఏ కుళాయిలోనూ లోటు లేదనే, వచ్చింది. అందరం సంబరపడ్డాం. పన్నెండో రోజు ఆవిడ ఆడపడుచు ఫోన్ చేశారు.

"వదినా, మా వీధి నీళ్లు కంపు కొడుతున్నాయి. పిల్లాడికి సెలైన్ ఎక్కిస్తున్నారు. మీ తెర మీద ఏముంది?"

"అంతా పచ్చగానే ఉందమ్మా."

"అయితే వచ్చి మీ తెర నీళ్లే మా వాడికి తాగించు!"

ఫోన్ పెట్టేసి ఆవిడ ప్రోగ్రామును మొదటి నుంచి చదివారు. భద్రపరిచిన ప్రశ్నను మళ్లీ నడిపించమని ప్రత్యేకంగా చెప్పకపోతే, ఏపీఐ తన దగ్గర దాచుకున్న పాత జవాబునే చేతిలో పెడుతుంది. లోకాన్నంతటినీ "ఇవాళ్టిదేనా?" అని నిలదీసిన మనిషి, ఆ ఒక్క యంత్రాన్ని అడగడం మరిచారు. ఒక్క లైను మార్చి, పాత జవాబు చెల్లదని ఆజ్ఞాపించగానే తొమ్మిది కుళాయిలు ఎర్రబడ్డాయి. తప్పు తనదేనని స్వదస్తూరితో రాసి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు తానే అంటించారు. అలా అంటించిన అధికారిని నేను మరొకరిని చూడలేదు.

మరుసటి వారం తనిఖీ బృందం రావలసి ఉంది. ప్రధాన ఇంజనీరుగారు పిలిపించారు. ఫైలు పట్టుకుని నేనూ ఆ గదిలోనే నిలబడి ఉన్నాను.

"మేడం, వాళ్లు వచ్చి వెళ్లేదాకా ఆ లైను మునుపటిలాగే ఉంచండి. వారమే కదా!"

"ఆ వారం ఆ నీళ్లు మీ ఇంట్లో తాగుతారా సార్?"

"చిన్నదాన్ని కొండంత చేస్తున్నారు మీరు."

"చిన్నదే అయితే చూపించడానికి భయమెందుకు సార్?"

మర్నాడు ఆవిడ కీ రద్దయింది. కీ పోయింది గాని కాళ్లూ చేతులూ పోలేదు. ఇరవై మూడు రోజులు ఆవిడ ఉదయం ఆరింటికే కార్యాలయానికి వచ్చి, తెర మీద పదిహేడో ప్రశ్నను స్వహస్తంతో నడిపించి, లైన్‌మెన్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తనిఖీ బృందం అడిగిన నాడు ఆ రోజు జవాబునే వారి ముందు పెట్టారు. పగిలిన గొట్టం దొరికింది, బాగుపడింది. కీ కిక్కురుమనకుండా తిరిగివచ్చింది. పదోన్నతి జాబితాలో మాత్రం ఆవిడ పేరు రెండుసార్లు జారిపోయింది. జారిందో, ఎవరైనా జార్చారో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ నెలాఖరు సాయంత్రం ఆవిడ ఖాతా మూతపడుతుంది. దానితో కీ చెల్లదు, ప్రోగ్రాము ఆగిపోతుంది. విభాగం పేరిట కొత్త కీ ఇవ్వమని మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడుసార్లూ "పరిశీలనలో ఉంది" అన్నారు. పరిశీలనలోకి వెళ్లిన కాగితం ఏ బీరువాలో కన్నుమూస్తుందో ఈ కార్యాలయంలో తెలియనివారు లేరు.

అందుచేత, సంబంధిత అధికారులు ఈ సంచిక చదువుతారని తెలిసే, సవినయంగా ప్రకటిస్తున్నాను: విభాగంలో మిగిలిన ఆరుగురం ఎవరి ఖాతాలో వారు, నియమాలు ఇచ్చిన హక్కుతోనే, ఆరు కీలు తీసుకున్నాం. ఒకటి రద్దు చేస్తే అయిదు ఉంటాయి. ఆరూ రద్దు చేస్తే తెర ముందు కూర్చోవడానికి ఆరుగురం ఉంటాం. మా పదోన్నతులు ఏమైనా కానివ్వండి.

మేడం గారూ, దర్జీపని చేసుకుంటూ తన కుట్టుమిషను పక్కన ఇన్నేళ్లుగా మీ కోసం కుర్చీ ఖాళీగా ఉంచిన మీవారితో కలిసి, నిండు నూరేళ్లూ ఆరోగ్యానందాలతో వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఒకటో తేదీ ఉదయం ఆరింటికి మీరు హాయిగా నిద్రపోండి. మేము లేచి ఉంటాం.