ఎక్కిళ్ళాయన కూత

ఇదేనా అంటావేంటే, ఇదే! నంబరు చూడక్కర్లేదు, ఆ బొజ్జ చూస్తే తెలీడం లేదూ? మీ తాతయ్య ఇంజనే. రంగులేసి, ఇత్తడి తోమి, పెళ్ళికూతుర్ని చేసి ఈ మ్యూజియంలో నిలబెట్టారు గానీ, ఆ రోజుల్లో దీని దగ్గరికొస్తే చీరంతా మసే. అసలు రానిస్తేగా! డ్రైవర్ల ఇంట్లోవాళ్ళు ఇంజను ఎక్కకూడదని రూలు. ఇప్పుడు చూడు, టిక్కెట్టు కొన్న ప్రతివాడూ ఎక్కేస్తున్నాడు. చెయ్యి పట్టుకో... వద్దులే, నేనెక్కగలను. మన ముందు ఇంకా ఎంతమంది? ఆ కూత గొలుసు లాగనిస్తారు కదూ? కూత వస్తుంది కదూ? ఆవిరి లేకపోతేనేం, గాలితో అయినా కూత కూతే.

ఏం చెప్తున్నా? ఆఁ, కూత. మా క్వార్టర్స్ వెనకే పట్టాలు. డ్రైవర్లు ఎవరిల్లు రాగానే వాళ్ళు ఓ కూత వేసేవాళ్ళు, 'వచ్చేశాను, నీళ్ళు పెట్టు' అని. ఎవరి కూత వాళ్ళది. పక్కింటాయనది ఏడుపు, ఎదురింటాయనది ఆవులింత. మీ తాతయ్యది ఒక పొడుగు, రెండు పొట్టి. ఆఖరిది గొంతులో పట్టేసినట్టు టక్కున తెగిపోయేది. అందుకే సందులో ఆడవాళ్ళంతా 'ఎక్కిళ్ళాయన' అని పేరు పెట్టేశారు. నవ్వకే, ఆయనకీ తెలుసు! పొద్దున మేం పోట్లాడుకున్నామనుకో, ఆ పొడుగు కూత ఓ పట్టాన ఆగేది కాదు. పక్కింటావిడ గోడ మీంచి, 'ఏం వదినా, అన్నయ్యగారికి కోపం ఇంకా దిగలేదా?' అని సాగదీసేది. మా కాపురం అంతా పట్టాల మీదే! ఒకసారి కొత్త డ్రైవరొకడు సరదాకి ఈయన కూత వేశాడు. నేను నీళ్ళు కాచి, కంచం పెట్టి గుమ్మంలో నిలబడితే ఎవరూ రారే! ఈయన వచ్చి సంగతి విని, కాళ్ళయినా కడుక్కోకుండా షెడ్డుకెళ్ళి, 'నీ కూత నువ్వు వెతుక్కోవయ్యా, మా ఇంట్లో పొయ్యి నీ కూతకి వెలగడానికి వీల్లేదు' అని దులిపేశారు. ఆ తర్వాత ఎవరి కూత ఇంకొకరు ముట్టుకుంటే ఒట్టు.

నేనా? పెరట్లోకి ఉరికి చెయ్యి ఊపేదాన్ని. పిచ్చిదాన్ని! డ్రైవరు సీటు అటుపక్క, మా ఇల్లు ఇటుపక్క. 'నేను కనబడతానా?' అంటే, 'కనబడవు, అయినా ఉంటావుగా' అనేవారు. ఉంటాను, ఎక్కడికి పోతాను! కానీ నాకూ ఉండేది, ఒక్కసారైనా ఆయన కూతకి బదులు కూత వెయ్యాలని. 'రిటైరయ్యే రోజు దొంగచాటుగా ఎక్కిస్తాలే' అని మాటిచ్చారు. ఆ రోజు రాకముందే, డ్యూటీకని చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయారు. ఎక్కించకుండానే పోయారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉందే, నీ దగ్గర దాచడం ఎందుకు.

ఆఁ, మన వంతే! ఏంటి బాబూ, చిన్నపిల్లలకేనా? నా నోట్లో పళ్ళు లేవు చూడు, నేనూ చిన్నపిల్లనే! అదీ, మంచివాడివి. అమ్మడూ, జరుగు. ఇదా ఆయన సీటు? ఇంత ఇరుకా! ఇందులోనే అన్నేళ్ళు... సరేలే. ఆయన కూతా? ఛ, ఆయనది ఆయనదే. నాది నేను ఎప్పుడో అనుకుని పెట్టుకున్నా, పొయ్యి ముందు కూర్చుని. రెండు పొట్టి, ఒక పొడుగు. చెవులు మూసుకో...

అబ్బ! అబ్బబ్బ! ఊరంతా వినుంటుంది! విన్నారా?

నిన్ను కాదే నేనడిగింది.