దిద్దినవాడి చేత క్షమాపణ

మీరంతా అబద్ధాలకోరులు. ఇరవై మూడేళ్లుగా నా ముఖం మీదే అబద్ధం చెబుతూ వచ్చారు, ఈ సాయంత్రం ఈ క్యాంటీన్ హాల్లో మైకు పెట్టి మరీ చెప్పారు. నాకంటే ముందు మాట్లాడిన ఏడుగురిలో ఏ ఒక్కరికీ నాలో లోపమే కనబడలేదట. ఇరవై మూడేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషిలో లోపం కనబడలేదంటే ఆ మనిషిని మీరు చూడనే లేదన్నమాట. (నవ్వులు.) నవ్వకండి, నేను కోపంగానే అంటున్నాను. లోపల మూడు గ్లాసుల జొన్న సారా ఉంది కాబట్టి కోపం కాస్త తూలుతూ బయటికొస్తోంది, అంతే తేడా.

మర్యాద మరిచిపోలేదు. అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టర్ లియావ్ గారికి, మన వంతెనల డిజైన్ సంస్థ పెద్దలకు, నాతోపాటు ఊహాన్ ఎండలో ఉడికిన మిత్రులకు, వంటింటి తలుపు దగ్గర నిలబడి ‘సూప్ చల్లారిపోతోంది, కానివ్వు’ అని చేత్తో సైగ చేస్తున్న జిన్ వదినకు నమస్కారం. వదినా, సూప్ మళ్లీ వేడి చేసుకోవచ్చు. నేను మాత్రం ఈ నెల ముప్పయ్యో తేదీ దాటితే ఈ దేశంలో ఉండడానికి వీల్లేదు.

అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. నాకు యాభై అయిదు నిండాయి. మన సంస్థలో ఆడ ఇంజనీరు యాభై అయిదుకు ఇంటికి పోవాలి, మగ ఇంజనీరు అరవైకి. నాకంటే నాలుగు నెలలు పెద్దవాడైన ఝోంగ్ అదిగో, వేరుశనగలు నములుతున్నాడు, ఇంకా దాదాపు అయిదేళ్లు ఉంటాడు. నీ మీద కోపం లేదు ఝోంగ్, తిను. లెక్కలు కట్టే బుర్ర ఆడదానికి అయిదేళ్లు ముందే పాడవుతుందని ఏ పాఠ్యపుస్తకంలో ఉందో చూపించమని ఆఫీసును అడిగాను. ‘అది అలవాటండీ’ అన్నారు. సరే, రిటైరైనవాళ్లను మళ్లీ పిలిచి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టడం కూడా మన అలవాటే కదా, నన్నూ అలాగే పిలవండి అని రెండు నెలల కిందట అర్జీ పెట్టాను. దాని మీద డైరెక్టర్ గారి సంతకం పడితే నా నివాస అనుమతి ఇంకో ఏడాది నడుస్తుంది. పడకపోతే విమానం. ఆ కాగితం ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. దానికి బదులుగా ఇవాళ ‘శాశ్వత గౌరవ సలహాదారు’ అని రాసిన పింగాణీ పళ్లెం నా చేతిలో పెట్టారు. శాశ్వతం అంటే ముప్పయ్యో తేదీ వరకు. (నవ్వులు. డైరెక్టర్ గారు నవ్వలేదు.)

నేను చిలీ నుంచి వచ్చాను. నేల తరచూ కంపించే దేశం కాబట్టి, వంతెన స్తంభానికీ పైన పడుకునే దూలానికీ మధ్య పెట్టే బేరింగుల పని బాగా నేర్చుకున్నాను. ఆ పని కోసమే రెండేళ్లకని పిలిచారు. మారిసోల్ అనే నా పేరును కుదించి ‘మో’ అన్నారు, ఆ తర్వాత ఆ పేరుతో కూడా పిలవలేదు, ‘విదేశీ నిపుణురాలు గారు’ అన్నారు. దిగిన రోజు విందులో తలుపుకు ఎదురుగా ఉండే పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ‘థాంక్స్’ అనే ఒక్క ముక్క చైనీస్‌లో అంటే, ‘అబ్బ, మీ చైనీస్ ఎంత బాగుందండీ’ అని నాలుగు బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు. ఊహాన్‌లో పొద్దున నువ్వుల నూడుల్స్ అందరూ వీధిలో నడుస్తూ తింటారు. నేను నడుస్తూ తింటే మాత్రం ఎవరో ఒకరు స్టూలు పట్టుకుని వెనక పరుగెత్తుకొచ్చేవారు.

నాలుగేళ్లు ఆ స్టూలు మీద హాయిగా కూర్చున్నాను, అబద్ధమెందుకు. గౌరవం మెత్తగా ఉంటుంది. ఇక్కడ స్థిరపడిన నా తోటి విదేశీయులు ‘ఎన్నేళ్లున్నా వీళ్లు మనల్ని కలుపుకోరు’ అని గొణుగుతారు. ఆ గొణుగుడంతా పెద్ద కుర్చీలో వెనక్కి వాలి గొణిగేదే. ఫొటోలో ముందు వరసలోకి రమ్మంటే ‘వద్దు, నా చోటు వెనక’ అన్నవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు. నేనూ అనలేదు. ఆ నాలుగేళ్లలో నన్ను మనిషిగా లెక్కచేసింది జిన్ వదిన ఒక్కతే. ‘నూడుల్స్ అలా కెలుకుతావేం? అది నువ్వుల ముద్ద, నీ సిమెంటు కాదు’ అనేది. (వంటింటి తలుపు దగ్గర నవ్వులు.)

అయిదో ఏడు వేసవిలో ఒక వంతెన డిజైన్ బొమ్మలు గీశాను. ఎండకు వంతెన పొడవునా సాగుతుంది. కాబట్టి కింద బేరింగు కూడా పొడవునా జరగాలి. కాలేజీలో చేరిన మొదటి ఏడే చెప్పే సంగతి. నేను రెండు స్తంభాల మీద అది అడ్డంగా జరిగేట్టు గీశాను. ఆ బొమ్మ ముగ్గురు తనిఖీదారుల చేతుల్లోంచి వెళ్లింది. వాళ్లేమనుకున్నారో తర్వాత వాళ్లే నాకు చెప్పారు. మొదటాయన, ‘ఆవిడకు ఏదో కారణం ఉండే ఉంటుందిలే’ అనుకుని సంతకం పెట్టాడు. రెండో ఆయన, ‘భూకంపాల దేశం కదా, అక్కడ అలాగే పెడతారేమో’ అనుకుని పెట్టాడు. మూడో ఆయనకు తప్పు స్పష్టంగానే కనబడింది, ‘అతిథికి తప్పు చూపిస్తే ఏం బాగుంటుంది’ అని పెట్టాడు. ఆ మూడో ఆయన పేరు చెప్పను, వేరుశనగలు నములుతున్నాడు. (పెద్దగా నవ్వులు.)

అప్పుడు మోకాలి ఆపరేషన్ చేయించుకుని లావ్ గు తిరిగొచ్చాడు. కొత్త పిల్లల కోసం చెబుతున్నాను, వెనక బల్ల దగ్గర చెవుడు నటిస్తున్న, రిటైరయ్యాక కూడా తనిఖీ బల్ల వదలని ఆ డెబ్బై ఒక్క ఏళ్ల మనిషే లావ్ గు. బొమ్మ విప్పాడు, ఎర్ర పెన్ను తీశాడు, మిగతా చిన్న తప్పులతో కలిపి పదకొండు చోట్ల కొట్టాడు, హాలంతా వినబడేలా అరిచాడు: ‘ఏయ్ మో, మీ దేశంలో వంతెనలు ఎండకు ఎండ్రకాయల్లా పక్కకు నడుస్తాయా? ఇదేం గీత? నిద్రలో గీశావా? పట్టుకెళ్లి సాయంత్రంలోగా మళ్లీ గీసుకురా.’

నాకు ఎంత సంతోషమైందో ఎలా చెప్పను. లిఫ్టు కోసం ఆగలేక ఆరు అంతస్తుల మెట్లు పరుగున దిగాను. పెళ్లి శుభలేఖ పంచినట్టు ఆ బొమ్మను కనబడినవాళ్లందరికీ చూపించాను. క్యాంటీన్‌లో జిన్ వదిన గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

‘ఏమైంది, లాటరీ తగిలిందా?’

‘తిట్టారు వదినా. నన్ను పేరు పెట్టి తిట్టారు.’

‘ఎందుకూ?’

‘తప్పు చేశాను. పదకొండు తప్పులు.’

‘మరి ఏడవక ఇకిలిస్తావేం?’

ఎలా చెప్పాలో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు చెబుతాను. అయినవాళ్లనే తిడతారు వదినా. పరాయివాళ్లకు టీ పోసి పంపిస్తారు.



మర్నాడు మీరేం చేశారో గుర్తుందా? విదేశీ అతిథిని అవమానించాడని లావ్ గు చేత ‘తప్పు నాదే, క్షమించండి’ అని ఆత్మవిమర్శ రాయించారు. మూడు పేజీలు, చేతిరాతలో. దాన్ని ఆయన ఫైలులో పెట్టారు, ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆపేశారు. తప్పు చేసింది నేను, కళ్లు మూసుకుని సంతకాలు పెట్టింది ముగ్గురు, శిక్ష పడింది కళ్లు తెరిచినవాడికి. నేను ఆఫీసుకు వెళ్లి అరిచాను. ‘మీరు మనసు కష్టపెట్టుకోకండి, మేం చూసుకున్నాం’ అని నాకు టీ పోశారు. అప్పుడు నేనే కూర్చుని నాలుగు పేజీల ఆత్మవిమర్శ రాసిచ్చాను. వారం తర్వాత తిరిగొచ్చింది: ‘విదేశీ నిపుణులు ఆత్మవిమర్శ రాసే నిబంధన లేదు.’ అంటే తప్పు చేయడానికి నాకు జీతం ఇస్తారు, ఒప్పుకోవడానికి మాత్రం అనుమతి లేదు.

లావ్ గును క్షమించమని అడగబోతే, ‘రాయమన్నారు, రాశాను. మూడు పేజీల్లో ఒక్క తప్పు లేదు, నీ బొమ్మలాంటిది కాదు’ అన్నాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం మీరంతా బల్లల మీద తల వాల్చి కునుకు తీసే గంటలో, అయిదో అంతస్తు మెట్ల మీద కూర్చుని, ఎవరికీ వినబడకుండా నన్ను తిడుతూ నా బొమ్మలు దిద్దాడు. పద్దెనిమిదేళ్లు. నేను ఇంజనీరునైంది ఆ మెట్ల మీద. మీరిచ్చిన పెద్ద కుర్చీలో ఉండి ఉంటే ఈ పాటికి ఎవరినో ఒకరిని చంపి ఉండేదాన్ని.

(వెనక నుంచి లావ్ గు: ‘సోది ఆపి అడగాల్సింది అడుగు.’)

చూశారా, ఇరవై మూడేళ్ల వీడ్కోలు సభలో నాకు అందిన ఏకైక గౌరవం ఇది. అడుగుతాను. ఆయన కళ్లకు పొర వచ్చింది, ఆ తనిఖీ బల్ల ఖాళీ కాబోతోంది. ‘పొగిడేవాళ్లకు ఈ బల్ల ఇవ్వను, మో అయితే ఇస్తాను’ అన్నాడు. నేను జాలి అడగడం లేదు. చిలీలో నాకు మిగిలింది ఒక మేనల్లుడు, అతని కుక్కకు నేనంటే పడదు, ఆ సంగతి వేరు. నా వాదన వంతెన గురించి. దాని మీద నడిచే మనిషికి మన మర్యాదలతో పని లేదు. అతిథికి తప్పు చూపించని చేయి రేపు డైరెక్టరుకూ చూపించదు. డైరెక్టర్ గారూ, మీ బొమ్మల మీద చివరిసారి ఎర్ర గీత పడి ఎన్నేళ్లయింది? మీకు నా మీద ఎంత మర్యాద ఉందో, మీవాళ్లకు మీ మీద అంతకు పదింతలు ఉంది. ఆ మర్యాద మీద లారీలు తిరుగుతున్నాయి.

వండిపెట్టినవాళ్లకు, స్టూలు మోసుకుని నా వెనక పరుగెత్తినవాళ్లకు, ఏడు అబద్ధాలు ప్రేమగా చెప్పిన ఏడుగురికీ నా కృతజ్ఞతలు. ఇవి నిజమైనవే, ఏడుపు వస్తోంది కాబట్టి త్వరగా చెబుతున్నాను. ఇక నా డిమాండ్లు.

ఒకటి. అర్జీ మీద సంతకం పెట్టండి. సలహాదారు అని కాదు, తనిఖీదారు అని రాయండి.

రెండు. లావ్ గు ఫైలులోంచి ఆ మూడు పేజీలు తీసేయండి. నా నాలుగు పేజీలు నా ఫైలులో పెట్టండి.

మూడు. ఆడవాళ్లకు యాభై అయిదు, మగవాళ్లకు అరవై అనే అలవాటు తప్పని పై ఆఫీసుకు రాతపూర్వకంగా పంపండి.

నాలుగు. తనిఖీకి వచ్చే ప్రతి బొమ్మ మీద గీసినవాళ్ల పేరు కప్పేయండి, డైరెక్టర్ గారి పేరుతో సహా.

అయిదు. ‘పరిశీలిస్తాం’ అనకండి. కాదంటే కాదనండి, ఇక్కడే, ఇప్పుడే, నన్ను మో అని పిలిచి. ఆ జవాబు వినేదాకా నిలబడే ఉంటాను. మైకుకు మాత్రం సెలవు.