మునిగిన ఊరికి రైలు

లాక్‌డౌన్‌తో సూరత్‌లో మరమగ్గాలు ఆగి నలభై రోజులైంది. ఆ మోతలో ఇరవై ఏళ్లు అరిచి మాట్లాడుకున్న లక్ష్మీరాజం, ఎల్లవ్వలకు గొంతు తగ్గించడం ఇంకా చేతకాలేదు. వాళ్లింటి గుట్టు డిండోలి గల్లీ అంతటికీ ఉచితం.

“ఇంటికి పొయ్యే రైలు ఫారంల ఏ ఊరు రాసినవ్?” అని అడిగింది ఎల్లవ్వ.

“మన ఊరే.”

“అది డ్యాం నీళ్లల్ల మునిగి రెండేండ్లాయె. మునిగిన ఊరికి టికెట్ ఇస్తరా?”

“దగ్గరి టేషన్ల దిగుత. కట్ట మీద నిలవడి చూస్త.”

“ఏం చూస్తవ్, నీళ్లా? తాపీ నది ఈడనే ఉన్నది, పోయి చూడు.”

“నవ్వకు.”

“నవ్వుతలేనయ్యా. వానల్లేక, బాయి ఎండి గద మనం ఈడికొచ్చినం. ఇప్పుడా బాయి మీదనే నీళ్లు. ఆడ మనల్ని ఎవలుంచుకుంటరు? బీమారి అంటుతదని మా అన్న గడప గూడ ఎక్కనియ్యడు.”

“కండ్లు మూస్తే అమ్మ కనవడుతున్నదే.”

ఆ కరువులో అందరూ సూరత్ బయల్దేరినా, ఊరు విడవనన్న అతని తల్లి ఆ ఎండాకాలమే పోయింది. ఆమెను చేను గట్టునే పూడ్చిపెట్టారు.

“ఏమంటది?” అని అడిగింది ఎల్లవ్వ.

“ఏమనదు. మెడ దాక నీళ్లల్ల నిలవడి నా దిక్కే చూస్తది. అమ్మకు ఈత రాదు గదనే.”

ఎల్లవ్వ ఫారాన్ని అతని ముందుకు జరిపింది.

“నా పేరు గూడ రాయి,” అంది.